ఐదుగురు మనుషులు, రెండు బుకింగులు: ఒక అంతర్జాతీయ ప్రయాణం ఖర్చు ఎలా తగ్గింది, ఎక్కడ తగ్గలేదు

"మూడు వారాల నుంచి రోజూ రాత్రి వెతుకుతున్నామండీ. చూసిన ప్రతిసారీ రేటు పెరుగుతోంది. మా ఫోన్‌ని ఎవరో కనిపెట్టుకుని ఉన్నట్టుంది." ఆ దంపతులు నాతో అన్న మొదటి మాట ఇది. టికెటింగ్ పనిలో ఈ మాట నాకు కొత్త కాదు. కానీ ఈ కేసులో టికెట్టు చవగ్గా రాకుండా అడ్డుపడిన కారణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నా పొరపాటు కూడా ఒకటుంది. అందుకే మొత్తం రాసి పెడుతున్నాను.

ఊళ్ల పేర్లు, విమాన సంస్థల పేర్లు తీసేశాను. డబ్బు లెక్కలు అసలు అంకెల్లో చెప్పను. వాళ్లు చేతిలో పట్టుకొచ్చిన కొటేషన్‌ని 100 అనుకుని, తక్కినవన్నీ దానితో పోల్చి రాస్తాను. ఏ కరెన్సీలో చదువుకున్నా లెక్క ఒకటే.

వచ్చినవాళ్లు ఎవరు, ఏం కావాలి

భార్యాభర్తలు, భర్తగారి తల్లి, తొమ్మిదేళ్ల బాబు, చంటిపాప. పెద్దావిడ నాలుగడుగులు వేయగలరు గానీ పెద్ద విమానాశ్రయంలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవలేరు. ప్రయాణానికి ఇంకా పదకొండు వారాలుంది. అక్కడ ఒక ఆదివారం పెళ్లి. దానికి ముందు శుక్రవారం బయల్దేరి, మూడు వారాలు ఉండి తిరిగి రావాలి. మధ్యలో ఒక చోట విమానం మారాలి, నేరుగా వెళ్లేది లేదు.

నేను ముందుగా ధర చూడను. ఏది కదలదో, ఏది కదులుతుందో అడుగుతాను. పెళ్లి కదలదు. బాబు బడి తెరిచే రోజు కదలదు. శుక్రవారమే ఎందుకు అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకి శుక్రవారం సాయంత్రం దాకా ఆఫీసు ఉంటుంది, అంతే. అంటే శుక్రవారం అన్నది వాళ్ల అలవాటు. దానికి ఎంత ఖరీదు కడుతున్నారో వాళ్లకి అప్పటిదాకా తెలియదు.

ఫోన్ మీద అనుమానం

ముందు దీని సంగతి తేల్చేశాను, లేకపోతే ఆ భయం వదలదు. రకరకాల సంస్థల ధరలను పోల్చి చూపించే సైట్లు చాలాసార్లు కొంతసేపటి కింద దాచి ఉంచిన ధర చూపిస్తాయి. నొక్కగానే అసలు వ్యవస్థని మళ్లీ అడుగుతాయి. ఈలోగా ఆ ధరకున్న సీట్లు అయిపోతే పెద్ద అంకె కనబడుతుంది. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా, పక్కింటి ఫోన్‌లో తెరిచినా అదే కనబడుతుంది. వాళ్ల ముందే రెండు ఫోన్లలో చూపించాను.

"మంగళవారం కొంటే చవకట కదా" అని ఆవిడ అడిగారు. విమాన సంస్థలు తమ ఛార్జీలను, వాటి నియమాలను ఏటీపీకో అనే సంస్థ ద్వారా రోజుకి చాలాసార్లు మారుస్తూ పంపుతుంటాయి. మీరు వారంలో ఏ రోజు కొన్నారన్నదాన్ని బట్టి పెద్దగా తేడా రాదు. ఏ రోజు ఎగురుతారన్నదాన్ని బట్టి మాత్రం చాలా వస్తుంది.

100 ఎందుకు 100 అయింది

ఐదుగురికీ కలిపి వెతికితే వచ్చిన అంకె అది: ముగ్గురు పెద్దలు, ఒక బాబు, ఒళ్లో కూర్చునే పాప. సీట్లు నాలుగు. అందులో పెద్దవాళ్ల ఒక్కో టికెట్టు దాదాపు 26 పడింది. అదే విమానం, అదే తేదీ, ఒక్కరికే వెతికాను: 22. ఇద్దరికి వెతికితే తలా 22. ముగ్గురికీ అంతే. నలుగురు అనగానే అందరికీ 26 అయిపోయింది.

ఇది తెలియక డబ్బు పోగొట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఎకానమీ అని మనం పిలిచే క్యాబిన్ లోపల పదీ పన్నెండు బుకింగ్ క్లాసులుంటాయి. ఒక్కోదానికి ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక ధర, కొన్ని షరతులు. సీటు ఒకటే, భోజనం ఒకటే. 1978లో అమెరికా తన దేశీయ విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఈ పద్ధతి ఊపందుకుంది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక సంస్థని ఎదుర్కోవడానికి దీన్ని పదునైన ఆయుధంగా వాడింది. ముందుగా కొనేవాళ్లకి కొన్ని సీట్లే చవగ్గా వదిలి, ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చే వ్యాపారస్తుల కోసం మిగతావి ఖరీదుగా అట్టిపెట్టింది. ఇవాళ ప్రపంచమంతటా ఇదే నడుస్తోంది.

ఇప్పుడు మెలిక ఏమిటంటే, ఒకే బుకింగ్‌లో నలుగురిని అడిగితే వ్యవస్థ నలుగురికీ సరిపడే సీట్లున్న క్లాసునే వెతుకుతుంది. కింది క్లాసులో మూడే మిగిలితే, ఆ ముగ్గురికి చవగ్గా ఇచ్చి నాలుగోవారికి పై ధర వేయదు. అందరినీ పై క్లాసుకి ఎక్కించేస్తుంది. నా తెర మీద ప్రతి క్లాసు పక్కన ఎన్ని సీట్లున్నాయో అంకె కనబడుతుంది, సాధారణంగా 9 వరకే చూపిస్తుంది. మీకు ఆ తెర లేకపోయినా ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి అంటూ విడివిడిగా వెతికితే తలకి ఎంత పడుతుందో ఎక్కడ ఎగిరిందో తెలిసిపోతుంది.

శుక్రవారం ఖరీదు

ప్రతి ఛార్జీకి ఒక నియమావళి ఉంటుంది. అందులో విభాగాలకి అంకెలుంటాయి: 3 సీజన్, 5 ఎన్ని రోజుల ముందు కొనాలి, 6 కనీసం ఎన్నాళ్లు ఉండాలి, 16 మార్పులు, రద్దులు, వాటి జరిమానాలు. కొనేవాళ్లు ఎవరూ చదవరు. నేను చదవడానికే డబ్బు తీసుకుంటాను.

ఈ ఛార్జీలో మూడో విభాగం ప్రకారం సీజన్ని నిర్ణయించేది వెళ్లే తేదీ మాత్రమే. తిరుగు ప్రయాణం పీక్ సీజన్ నడిమధ్యలో పడినా ఫరవాలేదు. వాళ్ల శుక్రవారం నాటికి పీక్ మొదలై ఒక్క రోజయింది. పైగా వారాంతంలో బయల్దేరేవాళ్లకి విడిగా ఎక్కువ ఛార్జీ, ఆ సంస్థ లెక్కలో వారాంతం శుక్రవారంతోనే మొదలవుతుంది. బుధవారానికి జరిగితే రెండూ ఒకేసారి తప్పిపోతాయి. అన్ని సంస్థలూ ఇలాగే చేయవు. కొన్ని వెళ్లేదానికి సగం, వచ్చేదానికి సగం విడివిడిగా లెక్క కడతాయి. నియమం చదివితే గానీ తెలియదు. సామాన్యంగా తేదీల పట్టికలో నెలంతా ధరలు చూపించే సైటు చాలు. అంకెలు ఒక్కసారిగా ఎక్కడ దూకాయో అక్కడ సీజన్ గోడ ఉందని అర్థం.

బుధవారానికి పెద్దవాళ్ల టికెట్టు పై క్లాసులో 20, కింది క్లాసులో 17. కింది క్లాసులో మాత్రం రెండే సీట్లు.

ఆయన రెండు రోజులు అదనంగా సెలవు పెట్టాలి. "అడుగుతాను" అన్నారు. మర్నాడు పొద్దున్నే సరేనని ఫోన్.

ఇక్కడ ఒక చిన్న విషయం. ముందు నేను రెండు విమానాలనూ విడివిడిగా ఎంచుకుని చూశాను. రెండో విమానంలో 17 క్లాసు మూసి ఉంది. మొదటి ఊరి నుంచి చివరి ఊరికి ఒకే ప్రయాణంగా అడిగితే అదే క్లాసు తెరుచుకుంది. విమాన సంస్థలు ఒక్కో ముక్కకి కాక మొత్తం దారికి ఎంత రాబడి వస్తుందో చూసి సీట్లు వదులుతాయి. కొన్నిసార్లు దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. అందుకే నేను రెండు రకాలుగానూ అడిగి చూడకుండా ఏ కేసూ మూసెయ్యను.

నా పొరపాటు

బుధవారం లెక్క పాపని ఒళ్లో కూర్చోబెట్టే వేశాను. అంతర్జాతీయ ప్రయాణాల్లో రెండేళ్ల లోపు పిల్లలకి సీటు లేకపోతే సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో పది శాతం. "పాపకి ఎన్నేళ్లు?" అని అడిగాను, "ఏడాదిన్నర దాటిందండీ" అన్నారు. రాసుకున్నాను. అంకె బాగా వచ్చింది. వాళ్లకి చెప్పేశాను కూడా.

టికెట్టు కొట్టే ముందు పాస్‌పోర్టు నకళ్లు తెప్పించి పేర్లు ఎక్కిస్తుంటే పుట్టిన తేదీ చూశాను. అక్కడికి వెళ్లిన పదకొండో రోజున పాపకి రెండేళ్లు నిండుతాయి. తిరిగి వచ్చేటప్పుడు సీటు తప్పనిసరి. ఈ సంస్థ నియమమైతే ఇంకా కఠినం: ప్రయాణం మధ్యలో రెండేళ్లు నిండితే రెండు వైపులా పిల్లల ఛార్జీ, అంటే పెద్దల్లో 75 శాతం. ఇంకో సంస్థ వెళ్లేటప్పుడు ఒళ్లో, వచ్చేటప్పుడు సీటు అని ఒప్పుకుంటుంది గానీ దాని మొత్తం ఎక్కువే వచ్చింది.

అంటే వాళ్లు తెచ్చిన 100 కూడా నిజమైన 100 కాదు. పాపకి సీటు కలిపితే అది 117. ఇది తెలియక అలాగే కొని, తిరుగు ప్రయాణం రోజు కౌంటర్ దగ్గర నిలబడి అప్పటి ధరకి పాపకి టికెట్టు కొనుక్కోవలసి వచ్చేది. నేను మాత్రం ముందు చెప్పిన అంకె వెనక్కి తీసుకుని, క్షమాపణ చెప్పి, పెద్ద అంకె చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు.

వాళ్ల సొంత ప్లాను

అప్పుడాయన తన దగ్గరున్న రెండో కాగితం బయటికి తీశారు. మూడో దేశంలోని ఒక నగరం దాకా ఒక చవక సంస్థ, అక్కడి నుంచి ఇంకో చవక సంస్థ, రెండు వేర్వేరు టికెట్లు. మొత్తం 71. "మీ 90 కంటే ఇది నయం కదా?" బుధవారం అందరినీ ఒకే బుకింగ్‌లో పై క్లాసులో వేస్తే పాప సీటుతో సహా 90 అవుతోంది మరి.

ప్రశ్న న్యాయమైనదే. కూర్చుని కూడాం. చవక సంస్థల్లో పిల్లల తగ్గింపు మామూలుగా ఉండదు, పాప సీటుకి 15 అదనం. 71లో చేతిసంచీ తప్ప లగేజీ లేదు, ఐదుగురి పెట్టెలకి రెండు వైపులా 8. మొదటి విమానం దిగే విమానాశ్రయం వేరు, రెండోది ఎక్కేది వేరు, ఒకే నగరంలో. కాబట్టి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, ఐదుగురికీ వీసాలు. రాత్రి హోటలు. పెట్టెలు, పెద్దావిడ, పిల్లలతో టాక్సీలు. వీటికి 11. మొత్తం 105 అయింది.

అంకె కంటే పెద్ద విషయం ఇంకోటుంది. వేర్వేరు టికెట్లయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకి సంబంధం లేదు. మీరు రాలేదు, అంతే, సీటు పోయింది. ఒకే టికెట్టు మీద అయితే తర్వాతి విమానం ఎక్కించాల్సిన బాధ్యత సంస్థదే. యూరోపియన్ యూనియన్ 261/2004 నియమం వర్తించే చోట, ఒకే బుకింగ్‌లోని ప్రయాణాన్ని చివరి గమ్యం దాకా ఒకటిగా చూసి, సంస్థదే తప్పయితే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం లెక్కకడతారు. విడి టికెట్లకి ఆ రక్షణ ఉండదు. ఒంటరిగా, చేతిసంచీతో, తీరుబడిగా తిరిగే కుర్రాడికైతే ఇలాంటి అతుకుల ప్రయాణం నేనే కట్టి ఇస్తాను. వీళ్లకి ఇవ్వను.

వాళ్ల బంధువు ఒకతను ఇంకో ఉపాయం చెప్పాడట: గమ్యాన్ని దాటి ఇంకా దూరం వెళ్లే టికెట్టు చవగ్గా ఉంటే అది కొని మధ్యలో దిగిపోవడం. లగేజీ చివరి ఊరికి పోతుంది. ఒక్క ముక్క ఎగరకపోతే ఆ తర్వాతి ముక్కలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దవుతాయి. సంస్థల నిబంధనలకీ విరుద్ధం. రెండు వాక్యాల్లో ముగించాను.

పక్క విమానాశ్రయం

గమ్యానికి రెండు గంటల రైలు దూరంలో ఇంకో విమానాశ్రయం ఉంది. వచ్చేటప్పుడు అక్కడి నుంచి ఎక్కితే, ఒక ఊళ్లో దిగి మరో ఊళ్లో ఎక్కే ఓపెన్ జా టికెట్టుగా, ఇంకో 5 తగ్గుతోంది. సగం సగం లెక్కలో ఇలాంటి టికెట్టుకి అదనపు భారం పడదని చాలామందికి తెలియదు. రెండు ఒంటివైపు టికెట్లు విడిగా కొని నష్టపోతారు. తగ్గడానికి కారణం ఎక్కువగా బయల్దేరే చోట వేసే పన్నులు. ఇవి ఊరినీ దేశాన్నీ బట్టి చాలా మారుతాయి. ఉదాహరణకి బ్రిటన్ 1994 నుంచి ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ వసూలు చేస్తోంది. దూర ప్రయాణం లండన్‌లో మొదలుపెడితే అది పడుతుంది, లండన్ మీదుగా 24 గంటల లోపు విమానం మారి వెళ్తే పడదు. ఎకానమీలో 16 ఏళ్ల లోపు పిల్లలకి మినహాయింపు. అందుకే యూరప్‌లో తిరిగేవాళ్లకి ఇంటికి వచ్చే విమానం ఇంకో నగరం నుంచి చూడమంటాను.

వీళ్ల విషయంలో 5 తగ్గి రైలుకి 2 పెరుగుతుంది. మిగిలే 3 కోసం పెద్దావిడని పెట్టెలతో రైలెక్కించడం వద్దన్నారు. నేనూ పట్టుబట్టలేదు.

రెండు బుకింగులు

ఇక మిగిలింది 17 క్లాసులోని రెండు సీట్లు. అవి ఎవరికి ఇవ్వాలి? చవక సీట్లు పిల్లలకి ఇద్దామనిపిస్తుంది. లెక్క వేస్తే అది తప్పు. పిల్లలకి ఎలాగూ 75 శాతమే కాబట్టి, చవక ధర పూర్తి ఛార్జీ కట్టే పెద్దవాళ్లకి ఇస్తేనే ఎక్కువ మిగులుతుంది. ఇద్దరు పెద్దలకి 17 చొప్పున 34. పిల్లల తల్లికి 20, పిల్లలిద్దరికీ 15 చొప్పున 30. మొత్తం 84. ఒక పెద్ద, ఒక పిల్లవాడు చవక సీట్లు తీసుకుని ఉంటే 84.75 అయ్యేది. ముక్కాలే అనుకోండి, కానీ ధరల మధ్య తేడా పెద్దదైన చోట ఇదే లెక్క బాగా పనిచేస్తుంది.

అలా తండ్రి, నాయనమ్మ ఒక బుకింగ్. తల్లి, ఇద్దరు పిల్లలు ఇంకోటి. పిల్లలున్న ప్రతి బుకింగ్‌లోనూ ఒక పెద్దవారు ఉండి తీరాలి. రెండు బుకింగుల్లోనూ ఒకదాని నంబరు ఇంకోదానిలో రాయించాను. దీనికి మా భాషలో టీసీపీ అని ఒక సందేశం ఉంది, వీళ్లంతా ఒకే బృందం అని సంస్థకి చెప్పేది. పెద్దావిడకి వీల్‌చైర్ అడిగాను: మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అన్న రకం. అది ఉచితం. చవక టికెట్టు కొన్నామని అడగడానికి మొహమాటపడేవాళ్లని చూశాను, అక్కర్లేదు.

"ఇంకొన్నాళ్లు ఆగితే తగ్గుతుందేమో?" అన్నారు ఆయన. తగ్గవచ్చు. కానీ రెండే సీట్లున్న క్లాసు మీద పందెం కాయమని నేను చెప్పలేను. ఆ సాయంత్రమే టికెట్టు కొట్టాను. మాలాంటివాళ్లు కొట్టిన టికెట్టుని మామూలుగా అదే రోజు రాత్రిలోగా జరిమానా లేకుండా రద్దు చేయవచ్చు. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి బయల్దేరే విమానాలకైతే, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు నేరుగా విమాన సంస్థ దగ్గర కొంటే, 24 గంటల పాటు ధర పట్టి ఉంచడమో, కొన్నాక 24 గంటల్లో పూర్తి డబ్బు వెనక్కివ్వడమో ఏదో ఒకటి చేయాలని అక్కడి నియమం. వీళ్లకి ఆ దారి లేదు కాబట్టి రాత్రి పది దాకా ధరలు చూస్తూ కూర్చున్నాను. ఏమీ మారలేదు.

తర్వాత

పది రోజులకి ఆ సంస్థే ధరలు తగ్గించింది. ఆ రోజు కొని ఉంటే మొత్తం 80 అయ్యేది. ఆయన ఫోన్ చేశారు. నియమాల్లో పదహారో విభాగం తీసి చూశాను. మార్చుకోవడానికి కట్టే జరిమానాలు మిగిలే 4 కంటే ఎక్కువ. అలాగే వదిలేశాం. నేను తొందరపెట్టానని ఆయనకి అనిపించింది, ఆ మాట మర్యాదగానే అన్నారు.

అసలు పరీక్ష ప్రయాణంలో వచ్చింది. వెళ్లేటప్పుడు మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైంది, మారాల్సిన విమానం తప్పిపోయింది. సంస్థ వ్యవస్థ తనంతట తానే కొత్త సీట్లు ఇచ్చింది: తండ్రికి, నాయనమ్మకి ఆ రాత్రి విమానంలో, తల్లికి, పిల్లలకి మర్నాడు పొద్దున. రెండు బుకింగులని వ్యవస్థ రెండు కుటుంబాలుగానే చూసింది. టీసీపీ సందేశాన్ని యంత్రం పట్టించుకోలేదు. కౌంటర్లో ఉన్నావిడ దాన్ని చూసి, గంటన్నర కుస్తీ పట్టి, ఐదుగురినీ పొద్దున విమానంలో కలిపింది. హోటల్, భోజనం సంస్థ ఖర్చు. గురువారం చేరాల్సినవాళ్లు శుక్రవారం చేరారు, పెళ్లి ఆదివారం.

ఆ గంటన్నరలో పెద్దావిడ వీల్‌చైర్లో, పాప ఏడుస్తూ, వాళ్లు నన్ను ఏమనుకుని ఉంటారో ఊహించగలను. బుకింగ్ విడగొట్టినందుకు మిగిలింది 90కీ 84కీ మధ్యనున్న 6. ఇంతమందిలో ఒకరు నడవలేనివారు, ఒకరు చంటిపిల్ల ఉన్నప్పుడు ఆ 6 కోసం మళ్లీ విడగొడతానా అంటే, ఇప్పుడు ముందుగా వాళ్లనే అడుగుతాను: విమానం తప్పితే రెండు ముక్కలుగా వెళ్లాల్సి రావచ్చు, సరేనా అని. ఈ కేసులో ఆ ప్రశ్న నేను అడగలేదు. ఇంకోటి, నా ఫారంలో "వయసు" అన్న గడి తీసేసి "పుట్టిన తేదీ" పెట్టాను.